ఇంధనాల లెక్క – మూడవ పాఠం: మక్కజొన్న చేను నుంచి పొగగొట్టం దాకా

గత రెండు పాఠాలలో లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి, పంటల నుంచి తీసి పెట్రోలులో కలిపే ఇథనాల్‌లో లీటరుకు సుమారు 21 మెగాజౌళ్ల శక్తి ఉంటాయని, అందువల్ల ఈ రెండింటినీ లీటరుకు లీటరుగా కాక మెగాజౌలుకు మెగాజౌలుగా పోల్చాలని నేర్చుకున్నాము. ఇప్పుడు అదే కొలతతో పర్యావరణ ప్రభావాన్ని లెక్కగడదాము. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి, ప్రతి అంకెనూ మీ చేత్తో వేసి చూస్తేనే ఈ పాఠం పట్టుబడుతుంది.

మొదట పొగగొట్టం దగ్గర నిలబడదాము. లీటరు ఇథనాల్ బరువు సుమారు 789 గ్రాములు. 46 గ్రాముల ఇథనాల్ పూర్తిగా కాలితే 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కనుక, లీటరుకు సుమారు 1.5 కిలోలు వెలువడుతుంది. పెట్రోలు లీటరుకు వచ్చేది సుమారు 2.3 కిలోలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఇథనాల్ గెలిచిందని తీర్పు చెప్పేవారు చాలామంది ఉన్నారు. వాటిని శక్తితో భాగించి చూడండి: 1,510ని 21తో భాగించినా, 2,300ను 32తో భాగించినా మెగాజౌలుకు వచ్చేది దాదాపు 72 గ్రాములే. అంటే హనుమకొండ చౌరస్తాలో మన ముందు వెళ్లే బండి ఏ ఇంధనంతో నడుస్తున్నా, అంతే శక్తికి అది వదిలే కార్బన్ డయాక్సైడ్ ఇంచుమించు అంతే.

మరి తేడా ఎక్కడ ఉంది? ఇథనాల్‌లోని కార్బన్ మొన్నటి పంట గాలిలోంచి పీల్చుకున్నది, కాలినప్పుడు అది తిరిగి గాలిలోకే చేరుతుంది. పెట్రోలులోని కార్బన్ కోట్ల ఏళ్లుగా భూగర్భంలో ఉన్నది, ఒకసారి పైకి వచ్చిందంటే గాలికి కొత్త బరువే. కాబట్టి ఇథనాల్ ఖాతాలో ఆ 72ను కొట్టివేసి సున్నా నుంచి మొదలుపెడతాము. పెట్రోలు ఖాతాలో మాత్రం 72 ఉండనే ఉంటుంది, దానికి ముడిచమురును తోడడం, శుద్ధి చేయడం, తరలించడం కూడా కలిపితే సుమారు 93 గ్రాములు అవుతుంది. ఇథనాల్ ఈ 93 కంటే ఎంత కిందికి ఆగుతుందన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు చేనులో వెతకాలి.

నర్సంపేట వైపు యాసంగి మక్కజొన్న చేను ఒకదాన్ని ఊహించుకోండి. ఎకరానికి 25 క్వింటాళ్ల దిగుబడి వచ్చిందని, మొత్తం మీద నాలుగు బస్తాల యూరియా వేశారని అనుకుందాము. చేను మోకాలి ఎత్తుకు వచ్చాక సాలు వెంట వేసిన గుళికలు, నీరు పారించిన మర్నాటికి మట్టిలో కరిగి కంటికి కనబడకుండా పోతాయి. అయితే అందులోని నత్రజని అంతా మొక్కకు చేరదు. మట్టిలోని సూక్ష్మజీవులు అందులో కొంత భాగాన్ని నైట్రస్ ఆక్సైడ్‌గా మార్చి గాలిలోకి వదులుతాయి. నూరేళ్ల కాలానికి లెక్కిస్తే ఈ వాయువు కిలోకు కిలోగా కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

బస్తా మీద 46 శాతం నత్రజని అని రాసి ఉంటుంది. 45 కిలోల బస్తాలు నాలుగంటే 180 కిలోలు, అందులో నత్రజని దాదాపు 83 కిలోలు. సాధారణ లెక్కలలో ఇందులో 1 శాతం, అంటే 0.83 కిలోల నత్రజని, నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుందని తీసుకుంటారు. ఆక్సిజన్ బరువును కూడా కలుపుకోవడానికి దీన్ని 44తో గుణించి 28తో భాగిస్తే 1.3 కిలోలు వస్తుంది. ఈ మెట్టును మరచిపోతే ఫలితం మూడో వంతుకు పైగా తగ్గి కనబడుతుంది, జాగ్రత్త. 273తో గుణిస్తే ఎకరానికి సుమారు 356 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన భారం తేలుతుంది.

టన్ను మక్కజొన్న నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది కనుక, మన ఎకరం ఇచ్చేది 950 లీటర్లు. 356 కిలోలను 950తో, ఆపైన 21తో భాగిస్తే మెగాజౌలుకు దాదాపు 18 గ్రాములు. ఇంజను ఇంకా తిరగనే లేదు, కర్మాగారంలో బాయిలర్ ఇంకా వెలగనే లేదు, అప్పుడే 93లో అయిదో వంతు ఖర్చయింది. రామగుండంలో సహజవాయువుతో యూరియా తయారు చేయడానికి పట్టిన శక్తిని ఇందులో కలపలేదు. మరోవైపు, ఇథనాల్ తీశాక మిగిలిన పిప్పి పశువులకు, కోళ్లకు దాణాగా పోతుంది కనుక, జాగ్రత్తగా లెక్కించేవారు ఈ 18లో కొంత భాగాన్ని దాణా ఖాతాలో వేస్తారు. అది న్యాయమే.

ఇక ఊపిరికి సంబంధించిన సంగతి. ఇథనాల్ బరువులో దాదాపు 35 శాతం ఆక్సిజనే కావడం వల్ల పెట్రోలులో కలిపినప్పుడు, ముఖ్యంగా పాత బండ్లలో, కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది. క్యాన్సర్ కారకమైన బెంజీన్ కూడా తగ్గుతుంది, కానీ అసిటాల్డిహైడ్ అనే మరో హానికర పదార్థం పెరుగుతుంది.

గ్రాముల లెక్కలో ఇమడనివి కూడా ఉన్నాయని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. చెరకు నుంచి లీటరు ఇథనాల్ తీయడానికి 2,860 లీటర్ల నీరు కావాలని 2021లో నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు ఇథనాల్ పరిశ్రమ వద్దని రోడ్డెక్కారు. కర్మాగారం పక్క ఊరి బావి నీరు, గాలిలో వాసన మెగాజౌలుకు ఇన్ని గ్రాములనే కొలతకు అందవు కనుక వాటికి వేరే పట్టిక కావాలి, ఆ పట్టికను ఖాళీగా వదిలి తీర్పు చెప్పడం తప్పు.

అభ్యాసం: మీకు తెలిసిన వరి రైతును ఎకరానికి ఎన్ని బస్తాల యూరియా వేశారో, ఎన్ని క్వింటాళ్ల వడ్లు వచ్చాయో అడగండి. క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం, టన్ను బియ్యానికి 450 లీటర్ల ఇథనాల్ చొప్పున పై లెక్కను తిరిగి వేయండి. మడిలో నీరు నిలవడం వల్ల వెలువడే మీథేన్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వచ్చే పాఠంలో బాయిలర్‌లో బొగ్గు వేస్తే ఎంతో, ఊక వేస్తే ఎంతో చూసి, ఆ తరువాత మీథేన్‌ను కలుపుకుందాము.