పైపు చెక్కుదాం – మూడో పాఠం: ఆకురాయి పట్టడం

పోయిన పాఠంలో చెక్క దిమ్మ మీద పెన్సిల్‌తో పొగాకు పైపు బొమ్మ గీశాం. గీతకు రెండు మిల్లీమీటర్ల అవతలగా రంపంతో కోసి పక్కన పెట్టాం. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది పలకలు పలకలుగా, మొరటుగా ఉన్న ఒక బ్రయర్ ముక్క, అంటే పైపులు చెక్కే గట్టి చెక్క. అందులో ముందే వేసిన బెజ్జాలున్నాయి, పక్కన నల్లటి ఎబొనైట్ (గట్టి రబ్బరు) కాడ ఉంది. ఈ పాఠం అయ్యేసరికి అది పైపు ఆకారానికి వస్తుంది. రంగు, మైనం సంగతి నాలుగో పాఠంలో చూద్దాం.

ఇది ఒక్క పూటలో అయ్యే పని కాదు. మొదటిసారి చేసేవాళ్లకి రెండు మూడు ఆదివారాలు పడుతుంది. పట్టనివ్వండి. పైపుల్లో నేను చూసిన లోపాల్లో ఎక్కువ భాగం చేతకాక జరిగినవి కావు, తొందరపడి చేసినవి. ఒక మెట్టు పూర్తి కాకుండానే తరవాతి మెట్టు ఎక్కేస్తాం. వెనక వదిలేసిన గీత రంగు వేశాక బయటపడుతుంది.

పేర్లు ఒకసారి గుర్తు చేసుకుందాం. పొగాకు నింపే భాగం గిన్నె, దాని లోపలి ఖాళీ గుంట. గిన్నె నుంచి ముందుకు సాగేది మెడ. మెడలోకి దూరి, నోట్లో పెట్టుకునే దాకా ఉండేది కాడ. గుంట అడుగు నుంచి కాడ చివరి దాకా వెళ్లే సన్నటి బెజ్జం పొగదారి.

ముందు కొలత, తరవాతే ఆకురాయి

గుంట అడుగు ఎక్కడుందో బయటి నుంచి కనిపించదు. అందుకని ఒక పెన్సిల్‌ను గుంటలోకి నిలువుగా దింపి, గిన్నె అంచు దగ్గర బొటనవేలి గోరుతో పట్టుకోండి. గోరు తియ్యకుండా పెన్సిల్‌ను బయటికి తీసి, అదే లోతును గిన్నె బయటి గోడ మీద ఆనించి అడుగు దగ్గర గీత గీయండి. ఆ గీతకు కింద కనీసం 8 మిల్లీమీటర్ల చెక్క మిగలాలి. చుట్టూ గోడ మందం ఎక్కడా 6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గుంట వెడల్పు సాధారణంగా 19, 20 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి గిన్నె బయటి వెడల్పు 32కి దిగితే అక్కడ ఆగిపోవాలి. మెడ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కాడ దూరే బెజ్జం 8 మిల్లీమీటర్లు ఉంటే, మెడ బయటి వ్యాసం 14కి తగ్గనివ్వకండి.

ఈ కొలతల మీద ఇంత పట్టు పడుతున్నానంటే కారణం ఉంది. నా రెండో పైపుకు అడుగు కొలవకుండానే ఆకురాయి పట్టాను. మెడ కింది వైపు అందంగా వంపు తిరగాలని ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ రాస్తూ పోయాను. ఒకచోట చెక్క కాస్త నల్లగా కనిపించింది. వేలితో నొక్కి చూస్తే పలుచగా, కాగితంలా కదిలింది. ఇంకో రెండు సార్లు ఆకురాయి లాగితే పొగదారి బయటికే వచ్చేసేది. మూడు వారాల పని అక్కడితో ఆగిపోయింది. తీసేసిన చెక్కను మళ్లీ అతికించలేం కదా.

గుండ్రం ఎలా వస్తుంది

గుండ్రంగా చేయాలని మొదటి నుంచీ గుండ్రంగా రాస్తే అది ఎప్పటికీ గుండ్రంగా రాదు. ఒక పక్క ఉబ్బి, ఒక పక్క నొక్కుకుపోతుంది. వడ్రంగులు గుండ్రటి మంచం కోళ్లు చెక్కే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. ముందు గిన్నెను నాలుగు పలకలుగా, నాలుగు వైపులా సమానంగా తెండి. ఆ నాలుగు మూలలూ చెక్కితే ఎనిమిది పలకలవుతాయి. ఆ ఎనిమిది అంచులనూ తీస్తే పదహారు. అప్పుడు చాలు, గుండ్రం దానంతట అదే వస్తుంది. ప్రతి మెట్టులోనూ ఎక్కడ ఎంత తీశారో కళ్లకు కనిపిస్తుంది, లెక్క తప్పదు.

మొదట గరుకు పళ్లున్న చెక్క ఆకురాయి వాడండి. ముందుకు తోసేటప్పుడు నొక్కండి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తేయండి. వెనక్కి కూడా రుద్దితే పళ్లు మొద్దుబారతాయి తప్ప చెక్క తెగదు. బ్రయర్ మామూలు చెక్కలాగా ఉండదు. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పెరిగే ఎరికా అర్బోరియా అనే పొదకు వేరు మొదలు దగ్గర గట్టిగా కట్టే బొడిపె ఇది. దాన్ని గంటల తరబడి నీళ్లలో ఉడకబెట్టి, ఆ తరవాత నెలల తరబడి నీడలో ఆరబెడతారు. బొడిపె కాబట్టి ఇందులో పీచు పలకలోలా ఒకే దిక్కుకు సాగదు. ఆకురాయి ఏ వైపు నుంచి పట్టినా చెక్క చీలికలు లేచి రావు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది పెద్ద వరం. మామిడి, టేకు మీద ఇదే పని చేస్తే అంచులు పెచ్చులు ఊడతాయి.

గుండ్రంగా మారే కొద్దీ వైస్‌లో (ముక్కను బిగించి పట్టే పనిముట్టులో) పైపు నిలవదు. బిగిస్తే నొక్కులు పడతాయి. అప్పుడు గుంటలో సరిగ్గా పట్టే కర్రముక్క ఒకటి చెక్కి, దానికి పలుచటి తోలు చుట్టి గుంటలోకి దూర్చండి. ఆ కర్రను వైస్‌లో బిగిస్తే గిన్నె చుట్టూ చెయ్యి ఆడుతుంది. కర్రను మరీ బలంగా కొట్టి దింపకండి, గిన్నె పగులుతుంది.

గిన్నె, మెడ కలిసే మూల ఉంది చూశారూ, అది చివరికి వదిలేయండి. అర్ధచంద్రం ఆకురాయి గుండ్రటి వైపుతో, చివర్లో ఎలుకతోక ఆకురాయితో కొంచెం కొంచెంగా తీయాలి. కొత్తవాళ్ల చెయ్యి అక్కడే ఎక్కువ లోతుకు పోతుంది, ఎందుకంటే ఆ మూల ఎప్పుడూ ఇంకా మందంగా ఉన్నట్టే కనిపిస్తుంది.

నల్ల చుక్క కనిపిస్తే

రాస్తుంటే ఉన్నట్టుండి ఒక చిన్న నల్ల చుక్క, లేదా సూదిమొనంత గుంట బయటపడొచ్చు. వేరు పెరిగేటప్పుడు లోపల ఏర్పడిన లోపం అది. ఎంత ఖరీదు పెట్టి కొన్న దిమ్మలోనైనా ఉండొచ్చు. ఇంకాస్త లోతుకు రాస్తే పోతుందేమో చూడండి, కానీ గోడ మందం హద్దు దాటొద్దు. పోకపోతే లప్పం పెట్టి కప్పకండి. లప్పం రంగును చెక్కలాగా పీల్చుకోదు, మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చిన్నదైతే అలాగే ఉండనివ్వండి. పెద్దదైతే ఆ భాగాన్ని చిన్న ఉలితో కావాలనే గరుకుగా చెక్కడం ఒక దారి.

నున్నగా లేని పైపు తక్కువ రకం అనుకోవాల్సిన పనిలేదు. లండన్‌లో డన్‌హిల్ కంపెనీ 1917లో ఇసుక ఊది మెత్తటి చెక్కను తొలిచేసి, గట్టి గీతలు మాత్రం పైకి తేలేలా చేసిన పైపులను షెల్ అనే పేరుతో తెచ్చింది. చెక్క లోపలి గీతలన్నీ చేతికి తగిలే ఆ గరుకుదనాన్నే ఇష్టపడి కొనేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు.

మెడ, కాడ కలిసే చోటు

ఈ పాఠంలో ఒక్క విషయమే గుర్తుంటుందంటే అది ఇదే కావాలని నా కోరిక. మెడను ఆకురాయి పట్టేటప్పుడు కాడను ఊడదీయకండి. కాడ మెడలోనే ఉండాలి. రెండింటి మీదా ఒకే ఆకురాయి ఒకేసారి నడవాలి.

కాడ తీసి మెడను ఒక్కదాన్నే రాస్తే, ఆకురాయి మెడ చివర నుంచి జారిపడేటప్పుడు అంచును కొంచెం గుండ్రం చేస్తుంది. వెంట్రుకవాసి అంతే. కానీ కాడ తిరిగి పెట్టి చూస్తే రెండింటి మధ్య చుట్టూ ఒక సన్నటి గాడి కనిపిస్తుంది. కళ్లు మూసుకుని బొటనవేలి గోరును కాడ మీద నుంచి మెడ మీదికి నెమ్మదిగా లాగండి. ఎక్కడా గోరు ఆగకూడదు. ఎబొనైట్ ఎక్కడ అయిపోయి చెక్క ఎక్కడ మొదలైందో వేలికి తెలియకూడదు, రంగును బట్టి కంటికి మాత్రమే తెలియాలి. చేత్తో చేసిన పైపు చూపిస్తే పని తెలిసినవాళ్లు ముందు తడిమేది ఆ చోటునే.

కాడ ఉండగా రాసేటప్పుడు మెడను పట్టుకోండి, కాడ మీద బరువు వేయకండి. లోపల దూరి ఉన్న సన్నటి కొస విరిగిందంటే కొత్త కాడ కొనక తప్పదు. కాడ బిగుసుకుపోతే పక్కకు వంచకుండా, తిప్పుతూ మెల్లగా లాగండి. లోపలికి దూరే కొస మీద పెన్సిల్ గ్రాఫైట్ కాస్త రుద్దితే సాఫీగా తిరుగుతుంది. ఆ తరవాత కాడను విడిగా నున్న చేయాల్సి వస్తే, పలుచటి ప్లాస్టిక్ షీట్‌లోంచి బిళ్ల కోసి, మధ్యలో బెజ్జం పెట్టి కొసకు తొడిగితే కాడ అంచు భద్రంగా ఉంటుంది.

ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. ఆకురాయి పట్టగానే వచ్చే ఆ ఘాటు వాసన గంధకానిదే. మాస్క్ పెట్టుకోండి. సాండ్ పేపర్ దశలో కాడను తడిపి రుద్దితే పొడి లేవదు. బ్రయర్ పొడికీ మాస్క్ కావాలి, కిటికీ తెరిచి ఉంచాలి.

సాండ్ పేపర్

కాగితం వెనక ఉండే నంబరు పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది. 150తో మొదలుపెట్టి 220, 320, 400, 600. మధ్యలో ఏ నంబరూ దాటేయకండి. ఆకురాయి గీతలను 150 తీస్తుంది, 150 గీతలను 220 తీస్తుంది. 400 ఎంతసేపు రుద్దినా 150 గీతను తీయలేదు, దాన్ని మెరిపిస్తుంది అంతే.

ఏ నంబరు పని ఎప్పుడు పూర్తయిందో ఎలా తెలుస్తుంది? నాకు పనికొచ్చిన ఉపాయం ఇది. నంబరు మార్చే ముందు పైపు అంతటా మెత్తటి పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీసేయండి. తరవాత రుద్దండి. ఎత్తుగా ఉన్న చోట గీతలు ముందు పోతాయి. పల్లంగా ఉన్న చోట, లోతు గీతల్లో పెన్సిల్ నలుపు మిగిలే ఉంటుంది. ఆ నలుపు మొత్తం పోయేదాకా అదే నంబరు. ఆ తరవాత దీపం ఆర్పేసి, పైపును కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని మెల్లగా తిప్పండి. నేరుగా పడే వెలుగులో కనిపించని గుంటలు పక్క వెలుగులో నీడలుగా తేలతాయి.

మెడ మీద కాగితం వెనక చిన్న చదును చెక్క పెట్టండి, వంపుల దగ్గర తోలు ముక్క పెట్టండి. వట్టి వేలితో నొక్కితే వేలి వెడల్పున కాలువ పడుతుంది. గిన్నె పై అంచు కోసం కాగితాన్ని బల్ల మీద చదునుగా పరిచి, పైపును తలకిందులు చేసి ఎనిమిది అంకెలా తిప్పండి.

220 అయ్యాక, మళ్లీ 400 అయ్యాక, తడి గుడ్డతో చెక్కనంతా ఒకసారి తుడిచి గంటసేపు ఆరనివ్వండి. ఆరాక చెంపకు ఆనించి చూడండి, సన్నటి నూగు గుచ్చుకుంటుంది. నీటికి పైకి లేచిన పీచు అది. దాన్ని అదే నంబరుతో తేలిగ్గా తీసేయండి. ఇప్పుడు తీయకపోతే రంగు తడికి లేస్తుంది, అప్పుడు రంగుతో సహా తీయాల్సి వస్తుంది.

గుంట లోపల కర్రకు చుట్టిన 220 చాలు. లోపల రంగు, నూనె, ఏదీ తగలకూడదు. నిప్పు ఉండే చోటు అది.

600 పూర్తి చేసిన పైపును ఒక రోజు అలాగే ఉంచి, మర్నాడు పగటి వెలుతురులో ఇంకోసారి చూడండి. గీత కనిపిస్తే వెనక్కి 220కి వెళ్లండి. వచ్చే పాఠానికి స్పిరిట్‌లో కరిగే తోలు రంగులు నలుపూ ఎరుపు గోధుమా ఒక్కొక్క చిన్న సీసా, గుంటకు మూతగా ఒక బెండు, మెత్తటి నూలు గుడ్డలు, కార్నౌబా (ఒక రకం తాటిచెట్టు ఆకుల నుంచి తీసే) మైనం ముక్క ఒకటి దగ్గర పెట్టుకోండి. వార్నిష్ మాత్రం కొనకండి. ఎందుకో రంగు వేసేటప్పుడు చెబుతాను.