గ్రైండింగ్ రజనును ఏం చేయాలి?

విజయవాడ ఆటోనగర్ షెడ్లలో గ్రైండింగ్ యంత్రాల కింద పేరుకొనే బురదలో ఇనుప రజనుతో పాటు అరగదీసే చక్రం నుంచి రాలిన రేణువులు, వేడిని చల్లార్చే కూలెంట్ నూనె కలిసి ఉంటాయి కాబట్టి, దానిని మురుగుకాలువలోకి వదలడం ఎంతమాత్రం తగదు.

ఉక్కు, అల్యూమినియం, ఇత్తడి రజనులను యంత్రం దగ్గరే వేరువేరు డ్రమ్ములలో పట్టాలి; కలిసిపోతే ధర పడిపోతుంది. రజనును జల్లెడ తొట్టిలో రాత్రంతా ఉంచితే కారే కూలెంట్‌ను వడగట్టి మళ్లీ వాడవచ్చు.

తడి ఇనుప రజను తుప్పు పడుతూ తనంతట తానే వేడెక్కుతుంది, నూనె తోడైతే అంటుకొంటుంది కూడా. అల్యూమినియం పొడి నీటితో కలిసి మండే వాయువైన హైడ్రోజన్‌ను వెలువరిస్తుంది. అందుకే తడి రజను ఉన్న డ్రమ్మును గాలి ఆడకుండా ఎన్నడూ బిగించకూడదు. అల్యూమినియం పొడి అంటుకొంటే నీళ్లు పోయరాదు, పొడి ఇసుకతో కప్పాలి.

నూనె వదిలిన రజనును పాత ఇనుము వ్యాపారికి అమ్మవచ్చు. నూనె బురదను మాత్రం, 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం, 90 రోజుల లోపు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న సంస్థకే అప్పగించాలి.