నెట్‌లో ఉందని తెలిసినా సెర్చ్‌లో రావడం లేదా?

సమస్య: పదాలు ఎన్ని రకాలుగా మార్చి కొట్టినా కావాల్సింది రాదు.

కారణం: పేటెంట్లు, కోర్టు తీర్పులు, లైబ్రరీ కేటలాగులు, పరిశోధన పత్రాలు చాలావరకు డేటాబేస్‌లలో ఉంటాయి. చాలాచోట్ల ఫారం నింపి బటన్ నొక్కితేనే ఆ పేజీ తయారవుతుంది. సెర్చ్ ఇంజిన్ల క్రాలర్ (పేజీలను సేకరించే ప్రోగ్రామ్) లింకులు పట్టుకుని తిరుగుతుందే గానీ, సాధారణంగా ఫారాలు నింపదు.

పరిష్కారం: ముందు ఆ సమాచారం ఉండే డేటాబేస్‌ను వెతికి, దాని సెర్చ్ బాక్సులో అడగండి. ఇది చేయకుండానే గంటల తరబడి గూగుల్‌తో కుస్తీ పట్టేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది.

సమస్య: సరైన డేటాబేస్‌కే వెళ్లారు, అక్కడా ‘ఫలితాలు లేవు’.

నన్ను ఎక్కువగా ఏడిపించింది ఇదే. చాలామంది దీన్ని నమ్మేసి వెనక్కి వచ్చేస్తారు. గూగుల్ మన స్పెల్లింగ్ సరిచేస్తుంది, అదే అర్థమున్న వేరే మాటలు కలుపుతుంది, అక్కర్లేని పదాలు వదిలేస్తుంది. ఆ అలవాటుతో ఇక్కడా పూర్తి వాక్యం కొడతాం. చాలా డేటాబేస్‌లు ఆ పదాలన్నీ ఒకే రికార్డులో, అదే స్పెల్లింగుతో ఉండాలంటాయి. వైద్య పరిశోధన పత్రాల డేటాబేస్ పబ్‌మెడ్‌లో ‘హార్ట్ ఎటాక్’ అని ఇంగ్లిష్‌లో అడిగితే, దాని వైద్య పేరు ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ కూడా కలిపి వెతుకుతుంది. అంత సాయం అన్నిచోట్లా ఉండదు.

అందుకని ముందు ఆ విషయంలో తప్పకుండా ఉండాల్సిన ఒక్క మామూలు పదం కొట్టండి. దానికీ సున్నా వస్తే తేదీ ఫిల్టరో, ‘శీర్షికలో మాత్రమే’ అనే సెట్టింగో అడ్డుపడుతోందేమో చూడండి. ఫలితాలు వస్తే ఒక్కో పదం కలుపుతూ వెళ్లండి. మనుషుల పేర్లయితే ఇంటిపేరు ఒక్కటే చాలు. చాలాచోట్ల పదం చివర నక్షత్రం గుర్తు పెడితే దాని మిగతా రూపాలూ వస్తాయి. దగ్గరి రికార్డు ఒక్కటి దొరికినా, అందులో ‘సబ్జెక్ట్’ కింద ఉన్న మాటలు కాపీ చేసి వాటితో మళ్లీ వెతకండి. ఆ డేటాబేస్ తన సరుకును ఏ పేర్లతో సర్దుకుందో అక్కడే తెలుస్తుంది.

దొరికాక అడ్రస్ బార్‌లోని లింకు సేవ్ చేయకండి, సెషన్ అయిపోతే అది పనిచేయకపోవచ్చు. డీఓఐ (పరిశోధన పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) గానీ పర్మలింక్ (మారని లింకు) గానీ రాసుకోండి.

మిగతావి: పేజీ తీసేసి ఉంటే పాత లింకును, వెబ్‌పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో వేయండి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌కు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను వెతకగలిగే టెక్స్ట్‌గా మార్చడం) చేయకపోతే అది ఒట్టి బొమ్మే, విషయసూచిక చూసి పేజీలు తిప్పాల్సిందే. డార్క్ వెబ్ (ప్రత్యేక బ్రౌజర్‌తోనే తెరుచుకునే రహస్య సైట్లు) జోలికి వెళ్లక్కర్లేదు, ఇలాంటివి అక్కడ ఉండవు.