ఆటోక్రాస్ కోసం కూపే కొంటున్నారా? టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలంటే

టయోటా జీఆర్86 లాంటి కూపే, అంటే రెండు డోర్ల స్పోర్ట్స్ కారు, టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళినవాళ్ళు చాలామంది చేసేది ఒకటే. డీలర్ గేటు దాటగానే హైవే ఎక్కి, యాక్సిలరేటర్ మొత్తం తొక్కి, ఇంజన్ శబ్దం విని, సంతోషంగా వెనక్కి వచ్చి కాగితాల మీద సంతకం పెట్టేస్తారు. ఊరికే నడుపుకోవడానికి కొంటే అది చాలు. కానీ ఆదివారం పొద్దున్నే ఖాళీ పార్కింగ్ లాట్‌లో కోన్‌ల మధ్య టైమ్‌తో పోటీ పడాలని కొంటుంటే మాత్రం ఆ హైవే పరుగు మీకు పనికొచ్చే విషయం దాదాపు ఏదీ చెప్పదు.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికాలో ఈ ఆటని, అంటే ఆటోక్రాస్‌ని, ఎక్కువగా నడిపేది 1944లో మొదలైన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా, అందరూ ఎస్‌సీసీఏ అంటారు. వాళ్ళు దీన్ని సోలో అని పిలుస్తారు. పెద్ద లాట్‌లోనో పాత ఎయిర్‌ఫీల్డ్‌లోనో కోన్‌లతో దారి వేస్తారు, పక్కన గుద్దుకోవడానికి ఇంకో కారు ఉండదు, మీరూ టైమరూ అంతే. ఒక్కో రన్ మామూలుగా నిమిషం లోపు అయిపోతుంది. కోన్ పడేస్తే 2 సెకన్లు కలుపుతారు, దారి తప్పితే ఆ రన్ లెక్కలోకి రాదు. రోజంతా కలిపి మీకు దొరికేవి కొన్ని రన్‌లే, మిగతా టైమ్‌లో ఒక హీట్ (ఒక గుంపు వాళ్ళు నడిపే విడత) మీరే కోర్స్ మీద నిలబడి పడ్డ కోన్‌లు లేపాలి. ఎక్కువభాగం రెండో గేరులోనే నడుస్తుంది, వేగం హైవే వేగాన్ని దాటడం అరుదు. అందుకని 0 నుంచి 60 ఎన్ని సెకన్లలో వెళ్తుందన్న అంకె ఇక్కడ అంత ముఖ్యం కాదు. గంటకి 25 నుంచి 55 మైళ్ళ వేగం మధ్య కారు ఎంత త్వరగా ఎడమకీ కుడికీ తిరుగుతుంది, బ్రేకు నుంచి యాక్సిలరేటర్‌కి మారినప్పుడు ఎలా ప్రవర్తిస్తుంది అన్నదే ముఖ్యం.

టెస్ట్ డ్రైవ్‌లో మీ దృష్టి తర్వాత మార్చుకోలేనివాటి మీద పెట్టండి. టైర్లు మారతాయి, బ్రేకు ప్యాడ్లు మారతాయి. సీటు ఎత్తు, ముందు పిల్లర్ మందం, రెండో గేరు ఎంత వేగం దాకా లాగుతుంది, రెండు చక్రాలకీ ఇంజన్ బలం పంచే డిఫరెన్షియల్ ఏ రకం, ఇవి కారుతో వచ్చినవి వచ్చినట్టే ఉంటాయి.

డీలర్ దగ్గరికి వెళ్ళేముందు

మొదట ఎస్‌సీసీఏ వెబ్‌సైట్‌లో ఆ ఏడాది సోలో రూల్‌బుక్ తెరిచి, మీరు చూస్తున్న కారు ఏ క్లాస్‌లో ఉందో మీ కళ్ళతో చూసుకోండి. క్లాస్‌లు ఏటా మారుతుంటాయి, ఎవరో రెండేళ్ళ క్రితం చెప్పిన మాట నమ్ముకోవద్దు. ట్రిమ్ (అదే కారులో ఏ వేరియంట్) పేరు కూడా సరిగ్గా చూడండి, ఎందుకంటే ఒకే కారులో మంచి షాక్ అబ్జార్బర్లతో వచ్చే ట్రిమ్‌ని ఒక్కోసారి వేరే క్లాస్‌లో వేస్తారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నా సలహా స్ట్రీట్ కేటగిరీ. అందులో ట్రెడ్‌వేర్ (టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె) 200 లేదా ఆపైన ఉన్న టైర్లు వేసుకోవచ్చు, షాక్ అబ్జార్బర్లు మార్చుకోవచ్చు, మలుపులో కారు ఎక్కువ వాలకుండా ఆపే యాంటీ రోల్ బార్ ఒకటి మార్చుకోవచ్చు. రిమ్ వ్యాసం ఒక అంగుళం అటూ ఇటూ పోవచ్చు కానీ వెడల్పు మాత్రం కంపెనీ ఇచ్చినంతే ఉండాలి, స్ప్రింగుల్నీ డిఫరెన్షియల్‌నీ ముట్టుకోకూడదు. అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా ఆపే రకం) లేని కారు కొంటే ఆ క్లాస్‌లో ఉన్నంతకాలం అది లేకుండానే నడపాలి, చిన్న మలుపు నుంచి బయటికొస్తూ యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ లోపలి చక్రం ఊరికే తిరిగి మీ టైమ్ తినేస్తుంది. అమెరికాలో అమ్మే జీఆర్86, దాని కవల సుబారు బీఆర్‌జెడ్ రెండిటికీ టోర్సెన్ అనే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కారుతోనే వస్తుంది. మాజ్డా మియాటా అలా కాదు, ట్రిమ్ చూసి కొనాలి, మాన్యువల్ గేర్లున్న క్లబ్ ట్రిమ్‌కి ఉంటుంది, స్పోర్ట్ ట్రిమ్‌కి ఉండదు. సేల్స్ అతన్ని అడిగితే సరిపోదు, స్పెసిఫికేషన్ కాగితం మీద ఆ మాట కనపడాలి.

ఫోన్ చేసి వారం మధ్యలో, జనం తక్కువున్న టైమ్‌కి అపాయింట్‌మెంట్ తీసుకోండి. మాన్యువల్ కావాలంటే మాన్యువల్ కారే సిద్ధంగా ఉంచమనండి, ఆటోమేటిక్ నడిపి మాన్యువల్ గురించి ఊహించుకోవడం కుదరదు. ముందు రోజే మీ కారులో ఆ చుట్టుపక్కల తిరిగి రూట్ అనుకోండి: గుండ్రంగా తిరిగే హైవే ర్యాంపు ఒకటి, వీలైతే ఒక రౌండబౌట్, గతుకుల రోడ్డు కొంచెం, ట్రాఫిక్ లేని వెడల్పాటి రోడ్డు ఒకటి. డీలర్లు మామూలుగా నాలుగు కుడి మలుపులు తిప్పి తీసుకొచ్చేస్తారు, అందుకే మీ రూట్ ఏమిటో బయల్దేరకముందే మర్యాదగా చెప్పి ఒప్పించండి.

తీసుకెళ్ళాల్సినవి మూడు: హెల్మెట్, పలచటి అడుగున్న బూట్లు, టైరులో గాలి చూసే గేజ్.

స్టార్ట్ చేయకముందు

హెల్మెట్ ఎందుకంటే కారులో కూర్చుని పెట్టుకుని చూడాలి. పొడవుగా ఉన్నవాళ్ళకి చాలా కూపేల్లో తల పైకప్పుకి తగులుతుంది, సన్‌రూఫ్ ఉంటే ఇంకా ఇబ్బంది. తల వంచుకుని నడిపితే తర్వాతి కోన్ కనపడదు. షోరూమ్‌లో హెల్మెట్ పెట్టుకుంటే ఎవరేమనుకుంటారో అన్న మొహమాటం అస్సలు వద్దు, 30 వేల డాలర్ల చుట్టుపక్కల ఖర్చుపెడుతున్నారు.

సీటు కుదుర్చుకునే పద్ధతి ఇది. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. అలా కూర్చోవడం కుదరకపోతే ఆ కారు మీ ఒంటికి సరిపోలేదని అర్థం, ఎంత నచ్చినా సరే. తర్వాత సీటు కొద్దిగా వెనక్కి జరిపి, బెల్ట్ పెట్టుకుని, దాన్ని చటుక్కున లాగి లాక్ చేసి, అలాగే సీటు ముందుకి జరపండి. నడుము గట్టిగా పట్టేస్తుంది. ఈవెంట్లలో మామూలు బెల్ట్‌తో చాలామంది చేసేది ఇదే, మీ కారులో అలా నిలుస్తుందో లేదో ఇప్పుడే తెలిసిపోతుంది. సీటు పక్కదిమ్మలు తుంటిని పట్టి ఉంచుతున్నాయా, ఎడమ మోకాలు ఆనించుకోవడానికి చోటుందా, అదీ చూడండి. స్టీరింగ్ పట్టుకుని వేలాడే డ్రైవర్‌కి చేతుల ద్వారా కారు చెప్పే సంగతి అందదు.

ఇక చూపు సంగతి. ఆటోక్రాస్‌లో కళ్ళు ముందు అద్దంలోంచి ఎంత చూస్తాయో పక్క కిటికీలోంచీ అంతే చూస్తాయి. వెంట వచ్చిన స్నేహితుణ్ణి కారు ముందు ఎడమ మూల నుంచి కుడి మూలకి మెల్లగా నడవమనండి, పిల్లర్ వెనక ఎంతసేపు మాయమవుతున్నాడో గమనించండి. జీఆర్86లో సీటు కిందకి ఉన్నా ముందు మడ్‌గార్డుల ఉబ్బు రెండువైపులా కనపడుతుంది, చక్రం ఎక్కడుందో దాన్నిబట్టి అంచనా వేసుకోవచ్చు, కోన్‌కి దగ్గరగా వెళ్ళడానికి ఇది నిజంగా పనికొస్తుంది.

కారు ఆపి ఉండగానే, కారు జారకుండా తానే సర్దే స్టెబిలిటీ కంట్రోల్ బటన్ ఎలా పనిచేస్తుందో చూడండి. కొన్ని కార్లలో ఆఫ్ అని చూపించినా లోపల కొంత పనిచేస్తూనే ఉంటుంది, సరిగ్గా మలుపు మధ్యలో పవర్ కోసేస్తుంది. పూర్తిగా ఆగుతుందా అన్నది కారుతో వచ్చే ఓనర్ పుస్తకంలో చదవండి. రోడ్డు మీద మాత్రం ఆన్‌లోనే ఉంచండి, ఇందులో బేరం లేదు.

బయల్దేరేముందు టైర్లలో గాలి. ఓడలోంచి, ట్రక్కులోంచి దిగిన కార్లలో గాలి ఎక్కువగా ఉండటం మామూలే. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీదున్న అంకెకి తెచ్చాకే నడపండి, లేకపోతే కారు ఎగిరెగిరి పడుతుంటే సస్పెన్షన్ బాగోలేదని అనుకుంటారు.

రోడ్డు మీద

ఇండియాలో మారుతి మీదో అంబాసిడర్ మీదో గేర్లు నేర్చుకుని, ఇక్కడికొచ్చాక ఏళ్ళతరబడి ఆటోమేటిక్ నడిపిన మనవాళ్ళు చాలామంది ఉన్నారు. పెడల్స్ వరుస అదే, గేరు మాత్రం కుడిచేత్తో. ఒకరోజు స్నేహితుడి మాన్యువల్ కారులో అలవాటు చేసుకుని వెళ్ళండి, టెస్ట్ డ్రైవ్‌లో మీ బుర్ర గేరు మీద కాకుండా కారు మీద ఉండాలి.

ఇంజన్ వేడెక్కేదాకా మెల్లగా నడపండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద రెండో గేరులో 25 మైళ్ళ దగ్గర నుంచి యాక్సిలరేటర్ తొక్కి, స్పీడ్ లిమిట్ లోపలే వదిలేయండి. ఎంత వేగం వచ్చిందన్నది వదిలేసి, తొక్కగానే కదిలిందా, క్షణం ఆలోచించిందా అన్నది గమనించండి. పాత తరం 86లో 2.0 లీటర్ల ఇంజన్‌కి మధ్య ఆర్‌పీఎంలో బలం తగ్గే చోటు ఒకటుండేది, సరిగ్గా కోన్‌ల మధ్య ఇంజన్ తిరిగేది అక్కడే. 2022 మోడల్ నుంచి వచ్చిన 2.4 లీటర్ల ఇంజన్‌కి 228 హార్స్‌పవర్ కన్నా నన్ను ఎక్కువ ఆకట్టుకున్న సంగతి, 184 పౌండ్ ఫీట్ల టార్క్ 3,700 ఆర్‌పీఎంకే అందడం. మాన్యువల్‌లో రెండో గేరు సుమారు 60 మైళ్ళ దాకా లాగుతుంది కాబట్టి చాలా కోర్స్‌ల్లో మూడో గేరు అవసరమే పడదు. మీరు చూస్తున్నది వేరే కారైతే రెండో గేరు ఎక్కడ అయిపోతుందో గేరు నిష్పత్తుల నుంచి ముందే లెక్కేసుకోండి, రోడ్డు మీద రెడ్‌లైన్ (ఇంజన్ గరిష్ఠ ఆర్‌పీఎం) దాకా తొక్కి తెలుసుకోవాల్సిన పని లేదు. నిస్సాన్ జెడ్ లాంటి 400 హార్స్‌పవర్ కారు హైవే మీద ఎంత గొప్పగా అనిపించినా, ఇరుకు కోర్స్‌లో కొత్త డ్రైవర్ ఆ బలాన్ని వాడుకునే చోటు చాలా తక్కువ. బరువు మాత్రం ప్రతి కోన్ దగ్గరా అడ్డు తగులుతుంది. అందుకే 2,800 పౌండ్ల చిల్లర బరువున్న కారు వైపే నేను మొగ్గుతాను.

ర్యాంపు మీద స్టీరింగ్ ఒకే కోణంలో పట్టుకుని, యాక్సిలరేటర్ కొంచెం వదిలి, మళ్ళీ కొంచెం ఇవ్వండి. వదిలినప్పుడు ముక్కు లోపలికి తిరగడం, ఇచ్చినప్పుడు వెడల్పుగా పోవడం చేతులకి స్పష్టంగా తెలియాలి. కాలితో కారుని తిప్పడం నేర్చుకోవడానికి ఈ స్పష్టతే ఆధారం. వెడల్పాటి ఖాళీ రోడ్డు మీద, వెనకా ముందూ ఎవరూ లేనప్పుడు, మీ లేన్ లోపలే 30 మైళ్ళ దగ్గర స్టీరింగ్‌ని కొంచెం ఎడమకీ వెంటనే కుడికీ తిప్పి చూడండి. బాడీ ఒకసారి వాలి ఆగాలి. రెండోసారి ఊగితే స్లాలమ్‌లో (వరుస కోన్‌ల మధ్య అటూ ఇటూ తిరిగే చోట) నాలుగో కోన్ దగ్గరికి వచ్చేసరికి కారు మీకంటే వెనకబడి ఉంటుంది.

తర్వాత వెనక ఎవరూ లేరని అద్దంలో చూసుకుని, పక్కనున్న సేల్స్ అతనికి ముందే చెప్పి, 40 నుంచి ఒకసారి గట్టిగా బ్రేకు వేయండి. పెడల్ గట్టిగా నిలవాలి, కారు పక్కకి లాగకూడదు. పెద్ద బ్రెంబో బ్రేకుల కోసం మాత్రం అదనంగా డబ్బు పెట్టకండి, నిమిషం లోపు అయిపోయే రన్‌లో బ్రేకులు వేడెక్కి చేతులెత్తేసే పరిస్థితి రాదు. రేస్ ట్రాక్‌కి కూడా వెళ్ళే ఆలోచన ఉంటే అది వేరే లెక్క.

టైర్ల జారుడు చూసి కారు మీద తీర్పు ఇవ్వకండి. మామూలు ట్రిమ్ జీఆర్86 17 అంగుళాల మిషెలిన్ ప్రైమసీలతో వస్తుంది, ప్రీమియం 18 అంగుళాల పైలట్ స్పోర్ట్ 4లతో. ప్రైమసీలు తొందరగా జారతాయి, పైలట్ స్పోర్ట్‌లు పట్టు ఎక్కువ. రెండిటికీ రిమ్ వెడల్పు 7.5 అంగుళాలే, పోటీకి ఎలాగూ మీరు వేరే టైర్లు వేస్తారు కాబట్టి ఆ తేడా అక్కడితో పోతుంది.

తిరిగి వచ్చాక

వెనక సీటు మడిచి చూడండి. నాలుగు పోటీ టైర్లు రిమ్‌లతో సహా పట్టాలి, జీఆర్86ని ఆ లెక్క చూసుకునే తయారుచేశారు. కానీ ఆ వెనక సీటులో పెద్దవాళ్ళు కూర్చోలేరు. ఇండియా నుంచి అమ్మానాన్న వస్తుంటే ఇంట్లో రెండో కారు ఉండాల్సిందే, ఈ మాట కొనకముందే ఇంట్లో మాట్లాడుకోండి. ఇన్సూరెన్స్ పాలసీలో పోటీల గురించి ఏం రాసుందో చదవండి, చాలా పాలసీలు టైమ్ పెట్టి నడిపే ఈవెంట్లని కవర్ చేయవు. జీఆర్86 కొత్తగా కొన్నవాళ్ళకి టయోటా నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్ సభ్యత్వం ఏడాదిపాటు, ఒక ట్రాక్ డ్రైవింగ్ ఈవెంట్ ఉచితంగా ఇస్తూ వచ్చింది, మీరు కొనే మోడల్‌కి అది ఉందా అని అడగండి.

అదే రోజు సంతకం పెట్టొద్దు. ఈవెంట్లకి పేరు నమోదు చేసుకునే మోటార్‌స్పోర్ట్‌రెగ్ వెబ్‌సైట్‌లో మీకు దగ్గరున్న ఎస్‌సీసీఏ రీజియన్ ఈవెంట్ ఎప్పుడుందో చూసి, డబ్బు కట్టకముందే అక్కడికి వెళ్ళండి. చూడ్డానికి మామూలుగా టికెట్ ఉండదు, గేటు దగ్గర వేవర్ (ఏదైనా జరిగితే క్లబ్ బాధ్యత కాదని ఒప్పుకునే కాగితం) మీద సంతకం చేయాలంతే. మీరు కొనాలనుకుంటున్న కారు అక్కడ ఒకటో రెండో ఉండే అవకాశం బాగా ఉంది. ఆ ఓనర్ దగ్గరికి వెళ్ళి, మీతో ఒక రన్ కూర్చోవచ్చా అని అడగండి, ప్యాసింజర్లని అనుమతించే క్లబ్బులు చాలా ఉన్నాయి, అరువు హెల్మెట్లు కూడా ఉంటాయి. డీలర్ దగ్గర ఎంత నడిపినా తెలియని సంగతులు ఆ ఒక్క నిమిషంలో తెలుస్తాయి. కూర్చున్నప్పుడు కోన్‌ల కన్నా డ్రైవర్ చేతుల్నీ పాదాల్నీ చూడండి, ఎంత తక్కువ కదిలిస్తే కారు అంత మాట వింటోందన్నమాట. దిగాక అడగాల్సినవి: టైర్లు ఎన్ని ఈవెంట్లు వస్తున్నాయి, ఏ సైజు వేశారు, గతుకుల మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఏబీఎస్ అయోమయపడి పెడల్ రాయిలా బిగుసుకుపోతుందా, ముందు చక్రాల క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వాలి ఉండే కోణం) కంపెనీ సర్దుబాటుతో ఎంత వస్తోంది.

ఆ జవాబులు మీకు సరిపోతే సోమవారం డీలర్‌కి ఫోన్ చేసి, మీరు నడిపిన ట్రిమ్, గేర్‌బాక్స్ పేర్లు చెప్పి, అదనపు యాక్సెసరీలు, మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ (డీలర్ పైన వేసుకునే మొత్తం) లాంటివి ఏవీ లేకుండా ఔట్ ద డోర్ ధర (పన్నులు, ఫీజులు అన్నీ కలిపిన ధర) ఈమెయిల్‌లో పంపమనండి.