ఉప్పూ కారం సరిపోయినా రుచి రావట్లేదా? ఉమామి చిరుతిళ్లు: సమస్య - పరిష్కారం

ఉప్పు సరిపోయింది, కారం సరిపోయింది, అయినా తింటుంటే ఏదో తక్కువైనట్టే ఉంటుంది. వెంటనే చెయ్యి మళ్లీ ఉప్పు డబ్బా మీదకే పోతుంది. నిజానికి అక్కడ తగ్గింది కమ్మదనం. 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచు నుంచి గ్లుటమేట్ అనే పదార్థాన్ని వేరుచేసి, దాని రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. ఆ గ్లుటమేట్ మనం రోజూ వాడే టమాటాల్లో, పుట్టగొడుగుల్లో, ఎండు రొయ్యల్లో, సోయా సాస్‌లో కూడా ఉంది. అన్నీ ఇంట్లో ఉన్నా ఆ రుచి తేలకపోతే, నేను ముందుగా అనుమానించేది నీటిని.

పుట్టగొడుగుల వేపుడు నీళ్లు నీళ్లుగా, రబ్బరులా వస్తోంది

కారణం: బటన్ పుట్టగొడుగుల్లో నూటికి తొంభై పాళ్లు పైగా నీరే. 200 గ్రాముల ప్యాకెట్ మొత్తం చిన్న బాణలిలో ఒకేసారి గుమ్మరించి, ఉప్పు చల్లి మూత పెడితే ఆ నీరంతా బయటికొస్తుంది. ముక్కలు అందులో ఉడుకుతాయే తప్ప వేగవు. వేగకపోతే రుచి చిక్కబడదు.

పరిష్కారం: వెడల్పాటి పెనం తీసుకుని బాగా వేడెక్కనివ్వండి. ఒక్కో పుట్టగొడుగును నాలుగు ముక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. అన్నీ పట్టకపోతే రెండు విడతలుగా చేసుకోండి. మొదటి మూడు నాలుగు నిమిషాలు కదపొద్దు. మూత వద్దు, ఉప్పు వద్దు. కాసేపటికి ముక్కలు నీళ్లు వదులుతాయి, సుయ్‌మని ఆవిరి లేస్తుంది. ఇక్కడే చాలామంది టెన్షన్ పడి మంట తగ్గించేస్తారు, అలా చేయకండి. నీరు ఇగిరిపోగానే చప్పుడు మారి చిటపటలు మొదలవుతాయి, అంచులు ఎర్రబడతాయి. అప్పుడు ఒక స్పూను నూనె, దంచిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు వేసి ఒక నిమిషం తిప్పండి. మిరియాల పొడి దించే ముందు చల్లితే చాలు.

కడిగితే నీరు పీల్చేస్తాయని కొందరు అసలు కడగరు. ఆ భయం అక్కర్లేదు. చకచకా కడిగి గుడ్డతో తుడిచేయండి, నీళ్లలో నాననివ్వొద్దు, అంతే.

టమాటా టోస్ట్ పుల్లగా ఉంది గానీ కమ్మగా లేదు

కారణం రెండు చోట్ల ఉండొచ్చు. ఒకటి, దోరకాయలు వాడటం. టమాటా పండే కొద్దీ అందులో గ్లుటమేట్ పెరుగుతుంది. రెండోది, బ్రెడ్ తడిసిపోతుందని గింజలున్న గుజ్జు తీసి పారేయడం. గింజల చుట్టూ జెల్లీలా ఉండే ఆ భాగంలోనే, బయటి కండలో కంటే గ్లుటమేట్ ఎక్కువ.

పరిష్కారం: ఎర్రగా పండినవి మూడు తీసుకుని గుజ్జుతో సహా సన్నగా తరగండి. స్పూను నూనెలో, చిటికెడు ఉప్పుతో, నూనె తేలేదాకా మగ్గించండి. గరిటెతో గీస్తే పెనం అడుగు కనిపించి, ఆ గీత వెంటనే పూడకుండా ఉండాలి. పులుపు మరీ ఎక్కువైతే చిటికెడు పంచదార. బ్రెడ్‌ను కరకరలాడేలా కాల్చి, తినబోయే ముందే ఇది రాసుకోవాలి. పైన కాస్త చీజ్ తురిమితే ఇంకా బాగుంటుంది.

అన్నీ సరిగ్గా చేసినా రుచి ఒక మెట్టు కిందే ఆగిపోతోంది

కారణం: జత కుదరలేదు. గ్లుటమేట్‌కి ఇనోసినేట్ గానీ గ్వానిలేట్ గానీ (ఇవీ ఆహారంలో సహజంగా ఉండే రుచి పదార్థాలే) తోడైతే ఉమామి కూడిక లెక్కన కాకుండా కొన్ని రెట్లు పెరుగుతుంది. ఇనోసినేట్ సంగతి 1913లో జపాన్‌లోనే కత్సుఒబుషి అనే ఎండబెట్టిన చేప నుంచి తెలిసింది. గ్వానిలేట్ ఎండు షీటాకే పుట్టగొడుగుల్లో దండిగా ఉంటుంది. మన కోస్తా ఇళ్లలో టమాటాలో ఎండు రొయ్యలు వేసి వండే కూరకి అంత రుచి రావడం వెనక కూడా ఈ జతే ఉంది.

పరిష్కారం: మగ్గించిన టమాటాలో అర స్పూను ఎండు రొయ్యల పొడి కలపండి. శాకాహారులైతే ఎండు షీటాకేని మిక్సీలో పొడి చేసి అంతే వేసుకోవచ్చు.

రొయ్యల పొడి నీచు వాసన వస్తుంటే సరిగ్గా వేగలేదన్నమాట. తలలు, తోకలు తుంచి, నూనె లేకుండా సన్న మంట మీద వేయించండి. వేలితో నొక్కితే పుటుక్కున విరగాలి. గరుకు గుడ్డలో వేసి నలిపితే మీసాలు, కాళ్లు ఊడొస్తాయి. చేటలో చెరిగితే ఇసుకతో సహా పోతాయి. ఆ తర్వాత వేయించిన ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లితో కలిపి పొడి చేయండి. మరమరాల్లో ఉల్లిపాయ ముక్కలతో కలుపుకున్నా, ఉడికించిన గుడ్డు మీద చల్లుకున్నా అద్భుతంగా ఉంటుంది. కొనేటప్పుడే ముక్కుపుటాలు అదిరేలా అమ్మోనియా ఘాటు వస్తే మాత్రం ఎంత వేయించినా లాభం లేదు, కొనకండి.

సోయా సాస్ వేస్తే చేదు, ఉప్పు

మండుతున్న పెనంలో ముందే పోస్తే మాడి చేదెక్కుతుంది. చివర్లో, మంట తగ్గించాక వేసి అర నిమిషం తిప్పండి. ఒక టీస్పూన్ సాస్‌లో దాదాపు ఒక గ్రాము ఉప్పు ఉంటుంది కాబట్టి అది వేసి రుచి చూశాకే ఉప్పు సంగతి.

అజినోమోటో వేసినా నాలుక మీద ఏదో ఎబ్బెట్టుగా ఉంది

అజినోమోటో అంటే పొడి రూపంలో దొరికే గ్లుటమేటే (మోనోసోడియం గ్లుటమేట్). అది ఎక్కువ పడింది. నలుగురికి సరిపడే వేపుడుకి పావు టీస్పూన్ దాటొద్దు. ఉప్పు బొత్తిగా లేకపోయినా ఇది రుచించదు, కాస్తయినా ఉండాలి. ఉప్పుతో పోలిస్తే దీనిలో సోడియం మూడో వంతే, అందుకని ఉప్పు కొంచెం తగ్గించి ఇది కొద్దిగా వేసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల సంయుక్త నిపుణుల కమిటీ 1987లో దీనికి రోజువారీ పరిమితి అంకె పెట్టనక్కర్లేదని తేల్చింది. తనకు పడదని ఎవరైనా అంటే వాళ్ల వాటా ముందే పక్కకు తీసి, మిగిలినదాంట్లో కలపండి.