క్లారిస్ నుంచి డ్యూరా-ఏస్ దాకా: రోడ్ బైక్ గేర్లకు డబ్బు ఎక్కడ పెట్టాలి

షాపులో స్టాండు మీద పెట్టి గేర్లు మార్చి చూస్తే అన్నీ బాగానే పడతాయి. చవకైన క్లారిస్ కూడా టక్కున మారుతుంది, మధ్యమెట్టు 105 కూడా టక్కున మారుతుంది. తేడా బయటపడేది ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు, వానలో తడిసిన మర్నాడు, రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగాక. అప్పుడు కనిపించే తేడాలో సగం గ్రూప్‌సెట్ (గేర్లు, మీటలు, బ్రేకులు కలిసిన సెట్టు) పేరుది కాదు. కేబుల్‌ది, హ్యాంగర్‌ది (వెనక గేరు భాగం వేలాడే ఫ్రేము కొక్కెం), అరిగిన చైన్‌ది. ఆ సగాన్ని కొన్ని వందల రూపాయలతో సరిచేసుకోవచ్చు.

మన దగ్గర రోడ్ బైకుల మీద ఎక్కువగా కనిపించేది షిమానో కంపెనీ గేర్లు కాబట్టి లెక్కంతా దానితోనే చెప్తాను. కింది నుంచి పైకి: క్లారిస్‌కి వెనక 8 గేరు చక్రాలు (అదే 8 స్పీడ్), సోరాకి 9, టియాగ్రాకి 10. 105 ఒకప్పుడు 11, ఇప్పుడు 12. అల్టెగ్రా, డ్యూరా-ఏస్ 2021లో 12కి మారాయి, అప్పటి నుంచి ఆ రెండూ ఎలక్ట్రానిక్‌లోనే వస్తున్నాయి. 105 మొదట 2022లో ఎలక్ట్రానిక్‌గా, 2023లో కేబుల్‌తో 12కి వచ్చింది. అంటే కొత్త 12 స్పీడ్ షిమానోలో కేబుల్ కావాలంటే 105 దగ్గరే ఆగాలి.

ఎక్కువ డబ్బుకి నిజంగా వచ్చేవి

ముందు ఒక అపోహ పక్కన పెట్టండి. ఎత్తు ఎక్కడానికి ఖరీదైన గేర్లు అక్కర్లేదు. ముందు 34, వెనక 32 పళ్లు ఉంటే, 700×28 టైరుతో నిమిషానికి 70 సార్లు తొక్కినప్పుడు గంటకు 9.5 కిలోమీటర్ల వేగం వస్తుంది. అదే వెనక పెద్ద చక్రం 28 అయితే అదే తొక్కుడుకి 10.9 రావాలి, అంత బలం కాళ్లలో ఉండాలి. 11-32 క్యాసెట్ (వెనక గేరు చక్రాల గుత్తి, చిన్నదానికి 11 పళ్లు, పెద్దదానికి 32) ఉన్న క్లారిస్, 11-28 ఉన్న పాత అల్టెగ్రా కంటే అరకు ఘాట్‌లో హాయిగా ఎక్కుతుంది. కొనేటప్పుడు గ్రూప్‌సెట్ పేరు కంటే ముందు క్యాసెట్ మీద చెక్కిన అంకెలు చూడండి.

గేరు చక్రాలు ఎక్కువైతే లాభం చదును రోడ్డు మీద. 8 స్పీడ్ 11-32లో వరస 11, 13, 15, 18, 21, 24, 28, 32. ముందు 50 పళ్ల రింగు మీద గంటకు 30 కిలోమీటర్లతో పోతూ 18 నుంచి 15కి మారిస్తే తొక్కుడు నిమిషానికి 84 నుంచి ఒక్కసారిగా 70కి పడిపోతుంది. 12 స్పీడ్ 11-34లో 17 నుంచి 15కి వస్తారు, 80 నుంచి 70కి. గుంపులో వెళ్లేవాళ్లకి, ఎదురుగాలిలో గంటలకొద్దీ ఒకే వేగం పట్టేవాళ్లకి ఇది కాళ్లలో తెలుస్తుంది. ఒంటరిగా ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్లకి పెద్దగా తెలియదు.

రెండోది బ్రేకు. క్లారిస్, సోరాల షిఫ్టర్లలో (గేరు, బ్రేకు మీటలు) నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు లేదు, టియాగ్రాలో 4720 షిఫ్టర్లతో వచ్చింది. నా లెక్కలో పైమెట్టుకి వెళ్లడానికి అన్నిటికంటే గట్టి కారణం ఇదే, గేర్లు కాదు. వానలో దిగుడు మీద ఒక్క వేలితో ఆగడం అలవాటయ్యాక మళ్లీ వెనక్కి వెళ్లబుద్ధి కాదు.

మూడోది బరువు. 105 ఎలక్ట్రానిక్‌కీ డ్యూరా-ఏస్‌కీ మధ్య సుమారు అర కిలో, అంటే నిండు చిన్న బాటిల్ బరువు. దానికోసం ఎంత ఇస్తారో మీ ఇష్టం. డ్యూరా-ఏస్ క్యాసెట్‌లో పెద్ద చక్రాలు టైటేనియంవి, తేలిక, త్వరగా అరుగుతాయి. అందుకే డ్యూరా-ఏస్ బైకులున్నవాళ్లు కూడా రోజూ తిరగడానికి 105 లేదా అల్టెగ్రా క్యాసెట్ వేసుకుంటారు. 12 స్పీడ్‌లో మూడూ ఒకదానికొకటి సరిపోతాయి.

కలిపి కొనేముందు

ముక్కలుగా అప్‌గ్రేడ్ చేద్దామనుకునేవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. 8, 9, పాత 10 స్పీడ్ వెనక డిరైలర్లు (చైన్‌ని చక్రం నుంచి చక్రానికి జరిపే భాగాలు) ఒక మిల్లీమీటరు కేబుల్ లాగితే 1.7 మిల్లీమీటర్లు కదులుతాయి. 11 స్పీడ్ వాటిలో అది 1.4. టియాగ్రా 4700 పేరుకి 10 స్పీడే అయినా కేబుల్ లాగేది 11 స్పీడ్ లెక్కలో. అందుకని 4700 షిఫ్టర్‌కి సోరా డిరైలర్, పాత 105 5700 షిఫ్టర్‌కి 4700 డిరైలర్ వేస్తే ఎంత తిప్పినా గేర్లు కుదరవు. మెకానిక్‌ని తిట్టి లాభం లేదు. 8, 9 స్పీడ్ డిరైలర్లు మాత్రం అటూ ఇటూ మార్చుకోవచ్చు.

వెనక వీల్ విషయం: 11 స్పీడ్ ఫ్రీహబ్ (క్యాసెట్ కూర్చునే భాగం) 10 స్పీడ్‌దాని కంటే 1.85 మిల్లీమీటర్లు పొడుగు. దాని మీద 8, 9, 10 స్పీడ్ క్యాసెట్ ఎక్కించాలంటే వెనక 1.85 స్పేసర్ వేయాలి. షిమానో 12 స్పీడ్ రోడ్ క్యాసెట్లు కూడా ఈ 11 స్పీడ్ ఫ్రీహబ్ మీదే కూర్చుంటాయి, కొత్త వీల్స్ కొనక్కర్లేదు. క్యాసెట్‌ని పట్టి ఉంచే లాక్‌రింగ్ బిగింపు 40 న్యూటన్ మీటర్లు.

షిఫ్టర్లు, రెండు డిరైలర్లు, క్యాసెట్, చైన్ అన్నీ మార్చాలంటే, ఆ ఖర్చు చూసుకుంటే పాత బైకు అమ్మి పైమెట్టు బైకు కొనడమే చాలాసార్లు చవక.

చవక సెట్టు చేత సరిగ్గా పని చేయించడం

ముందు జబ్బు ఏదో గుర్తుపట్టండి. చైన్ పెద్ద చక్రానికి చక్కగా ఎక్కి, చిన్నదానికి దిగడానికి మొరాయిస్తే కేబుల్‌లో రాపిడి ఉంది. ఎక్కించేటప్పుడు మీ వేలి బలం ఉంటుంది, దించేటప్పుడు స్ప్రింగు ఒక్కటే దిక్కు. రెండు వైపులా ఒకే తీరుగా తప్పుతుంటే కేబుల్ బిగువు తేడా. ఒక కొస సర్దితే రెండో కొస చెడుతుంటే హ్యాంగర్ వంగింది. బైకును బస్సు డిక్కీలో కుడివైపు పడుకోబెట్టి తెచ్చారంటే ముందు దాన్నే అనుమానించండి.

హ్యాంగర్ వంకరగా ఉండగా స్క్రూలు తిప్పడం దండగ. అలైన్‌మెంట్ గేజ్ బిగించి రిమ్ చుట్టూ నాలుగు చోట్ల దూరం కొలవాలి. తేడా 4 మిల్లీమీటర్లలోపు ఉండాలి. మీ ఫ్రేముకి సరిపడే హ్యాంగర్ ఒకటి కొని సీటు కింద సంచిలో పడేసుకోండి, ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం, దారిలో దొరకదు.

కేబుల్‌కి 1.2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ ఇన్నర్ (లోపలి తీగ), 4 మిల్లీమీటర్ల గేర్ ఔటర్ (పై గొట్టం) తీసుకోండి. 5 మిల్లీమీటర్ల బ్రేక్ ఔటర్ గేర్లకి వేస్తే నొక్కుకుపోయి గేరు తప్పుతుంది. గేర్ ఔటర్ బ్రేకుకి అసలే వేయకూడదు, గట్టిగా నొక్కినప్పుడు చీలిపోతుంది. కేబుల్ కట్టర్‌తోనే కోయండి, కొసను ఆకురాయితో సమం చేసి, మూసుకున్న రంధ్రాన్ని దబ్బనంతో తెరిచి క్యాప్ పెట్టండి. వెనక డిరైలర్‌లోకి వెళ్లే వంపు బిగుసుకుపోకుండా గుండ్రంగా ఉండాలి.

తర్వాత వరస తప్పకండి. కేబుల్ విప్పేసి, డిరైలర్‌లో పైన ఉన్న కప్పి క్యాసెట్ చివరి చిన్న చక్రానికి నిలువుగా కింద వచ్చేలా, డిరైలర్ మీద H అని ఉన్న స్క్రూ తిప్పండి. డిరైలర్‌ని చేత్తో లోపలికి నెట్టి, పెద్ద చక్రాన్ని దాటి స్పోకుల వైపు పోకుండా ఎల్ స్క్రూ సర్దండి. కేబుల్ చేత్తో లాగి 6 న్యూటన్ మీటర్లకి బిగించండి. చైన్‌ని పెద్ద చక్రం మీదికి ఎక్కించి, కప్పికీ దానికీ మధ్య 5, 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా బి స్క్రూ తిప్పండి. ఇక మిగిలింది బ్యారెల్ అడ్జస్టర్ (కేబుల్ బిగువు సర్దే మర). రెండో చిన్న చక్రంలో ఉంచి, గేరు మారనంత కొద్దిగా మీట నొక్కితే చైన్ మూడోదానికి తగిలి గరగరమనాలి, వదిలితే ఆగిపోవాలి. అక్కడ ఆపండి.

ముందు డిరైలర్ పంజరం అంచుకీ పెద్ద రింగు పళ్లకీ మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్లు, పైనుంచి చూస్తే రింగుకి సమాంతరం. ఈ రెండూ తప్పితే చైన్ పదే పదే ఊడుతుంది.

చైన్ అరుగుదలకి గేజ్ లేకపోతే స్టీలు స్కేలు చాలు. 24 లంకెలు (పిన్ను నుంచి పిన్నుకి ఒకటి) కొత్తలో 304.8 మిల్లీమీటర్లు. 11, 12 స్పీడ్‌లో 306.3 దాటగానే, 8 నుంచి 10 దాకా 307 దాటగానే మార్చేయండి. ఆలస్యం చేస్తే క్యాసెట్ కూడా పోతుంది, పైమెట్టు సెట్లలో ఆ దెబ్బ చాలా పెద్దది.

మెకానికల్ షిఫ్టర్లలో, ముఖ్యంగా 11 స్పీడ్ వాటిలో, కేబుల్ తల దగ్గర పోగులు తెగే అలవాటుంది. నిన్న సర్దిన గేరు ఇవాళ మళ్లీ వదులైతే, రేపూ వదులైతే, అది బిగువు సమస్య కాదు, పోగులు తెగుతున్నాయి. పూర్తిగా తెగితే తల షిఫ్టర్ లోపల ఇరుక్కుంటుంది. ఏడాదికోసారి మార్చేయడమే మేలు.

ఎలక్ట్రానిక్ ఎవరికి

కేబుల్ లేదు కాబట్టి దుమ్ము, వాన, రాపిడి అన్న గొడవే లేదు. అసలు లాభం అదే, వేగం కాదు. వేళ్ల నొప్పులున్నవాళ్లకి మీట తేలికదనం పెద్ద వరం. కానీ హ్యాంగర్ వంగితే మోటారు కూడా గేరు తప్పుతుంది. షిమానో ఎలక్ట్రానిక్ గేర్ల పేరు డీఐ2. 12 స్పీడ్ డీఐ2లో ప్రధాన బ్యాటరీ సీట్‌పోస్ట్‌లో ఉంటుంది, వెనక డిరైలర్ దగ్గర చార్జింగ్ పెట్టాలి. షిఫ్టర్లలో సీఆర్1632 బిళ్ల బ్యాటరీలు. ప్రధాన బ్యాటరీ అడుగంటినప్పుడు ముందు డిరైలర్ మొదట ఆగిపోతుంది, వెనకది ఇంకొంచెం దూరం పనిచేస్తుంది. ముందుది ఆగితే నేరుగా చార్జర్ వైపు పోవాలని అర్థం. శ్రామ్ కంపెనీ ఎలక్ట్రానిక్ సెట్టు ఏఎక్స్ఎస్‌లో ప్రతి డిరైలర్‌కీ విడి బ్యాటరీ, వెనకది అయిపోతే ముందుది తీసి దానికి పెట్టుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో ఖరీదైన 11 స్పీడ్ సెట్టు చూస్తున్నారా? అల్టెగ్రా 6800, ఆర్8000, డ్యూరా-ఏస్ 9000, ఆర్9100 క్రాంకుల్లో (పెడల్ బిగించే చేతులు) 2019 జూలైకి ముందు తయారైనవాటిని, అతికించిన చోట ఊడే ప్రమాదం ఉందని, 2023 సెప్టెంబరులో షిమానో తనిఖీకి పిలిచింది. క్రాంకు లోపలి వైపు, రింగుకీ క్రాంకు చేతికీ కలిసే అతుకు వెంట చీలిక ఉందేమో గోరుతో తడిమి చూడండి. తొక్కితే టక్‌టక్ శబ్దం వస్తే ఆ బైకు ఎక్కకండి. తనిఖీ చేయించిన కాగితం అమ్మేవాళ్ల దగ్గర లేకపోతే కొత్త క్రాంకు ధర బేరంలోంచి తీసేయండి.