కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీకి ట్రాన్స్‌ఫర్ రిజెక్ట్ అయ్యిందా? అప్పీల్ ఇలా పెట్టాలి

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) ట్రాన్స్‌ఫర్ నిర్ణయాలు ఏప్రిల్ నెలాఖరుకల్లా చాలావరకు వచ్చేస్తాయి. డి ఆంజా, ఒలోనీ లాంటి కాలేజీల్లో రెండేళ్లు చదివి అప్లై చేసిన బే ఏరియా తెలుగు ఇళ్లల్లో ఆ వారమంతా టెన్షనే. రిజెక్ట్ అని వస్తే అప్పీల్ పెట్టుకోవచ్చు, కానీ నెగ్గేవి చాలా తక్కువ అన్నది ముందే తెలుసుకుని దిగండి.

మొదట చేయాల్సింది అప్పీల్ కాదు. వేరే యూసీలో సీటు వచ్చి ఉంటే జూన్ 1లోపు ఒప్పుకుని డిపాజిట్ కట్టేయండి. ఆ డబ్బు తిరిగి రాదు, నిజమే, కానీ అప్పీల్ జవాబు జూన్ 1 దాటాక కూడా రావచ్చు, అప్పుడు రెండూ పోగొట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. అక్కడ సీటు ఒప్పుకున్నంత మాత్రాన ఇక్కడి అప్పీల్‌కి నష్టమేమీ లేదు. వెయిట్‌లిస్ట్‌లో పెట్టి ఉంటే అది వేరే దారి, పోర్టల్లో అందులో చేరతానని చెప్పాలి.

తర్వాత మీ అప్లికేషన్‌ని మీరే ఆడిటర్‌లా చూడండి. స్ప్రింగ్ పూర్తయ్యేసరికి 60 సెమిస్టర్ యూనిట్లు (డి ఆంజా లాంటి క్వార్టర్ కాలేజీ అయితే 90) అవుతున్నాయా? యూసీ ట్రాన్స్‌ఫర్‌కి అడిగే ఏడు కోర్సులు, అంటే ఇంగ్లిష్ కాంపోజిషన్ రెండు, మ్యాథ్స్ ఒకటి, మిగతా సబ్జెక్టుల్లో నాలుగు, లెక్కకొచ్చాయా? మీ కాలేజీ కోర్సు యూసీలో దేనికి సరిపోతుందో చూపించే అసిస్ట్ వెబ్‌సైట్‌లో మీ మేజర్‌కి అడిగిన కోర్సులన్నీ ఉన్నాయా? అప్లై చేశాక వచ్చిన గ్రేడ్లు, స్ప్రింగ్ కోర్సులు చెప్పడానికి జనవరిలో నింపాల్సిన అకడమిక్ అప్‌డేట్ ఫారం సరిగ్గా నింపారా? స్ప్రింగ్‌లో తీసుకోబోయే రెండో ఇంగ్లిష్ కోర్సుని అందులో చేర్చడం మర్చిపోతే, అవతల అప్లికేషన్ చదివేవాళ్లకి అది లేనట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: యూనివర్సిటీ దగ్గర ఇప్పటిదాకా లేని, నిర్ణయాన్ని మార్చగల సమాచారం మీ దగ్గర ఏముంది? ప్రొఫెసర్ పొరపాటున వేసిన గ్రేడ్‌ని తర్వాత సరిదిద్దడం, అప్లికేషన్‌లో రాయని పెద్ద అనారోగ్యం, ట్రాన్‌స్క్రిప్ట్‌లో తప్పు లాంటివి ఉంటే ముందుకెళ్లండి. "నాకంటే జీపీఏ తక్కువున్న వాడికి వచ్చింది", "ఇంటికి దగ్గర" లాంటివి పనికిరావు. కొత్తగా రెండు ఏ గ్రేడ్లు వచ్చాయన్నది కూడా ఒక్కటే అయితే బలహీనమే, అలాంటివి అందరికీ ఉంటాయి కదా!

ఉత్తరం విద్యార్థే రాయాలి. మన ఇళ్లల్లో బాబాయి డ్రాఫ్ట్, నాన్నగారి సవరణ, కన్సల్టెన్సీ పాలిష్ అన్నీ కలిసి చివరికి ఎవరి గొంతూ కానిదొకటి తయారవుతుంది, అది మానండి. "చిన్నప్పటి నుంచి ఈ క్యాంపస్ నా కల" అని మొదలుపెట్టారంటే ఉపయోగం లేదు. "ఫాల్‌లో కాల్క్యులస్ గ్రేడ్ సి అని పడింది, ఫైనల్ పరీక్ష మార్కులు ఎక్కించలేదని తేలాక మార్చిలో ఏగా మార్చారు, కొత్త ట్రాన్‌స్క్రిప్ట్ జత చేశాను" అన్నారనుకోండి, చదివేవాళ్లకి ఏం చూడాలో వెంటనే తెలుస్తుంది. ముందు జరిగింది, తర్వాత తేదీ, ఆపైన రుజువు. వీలైతే ఒక పేజీలో ముగించండి.

గడువు, ఫారం, అక్షరాల పరిమితి క్యాంపస్‌కి ఒక రకంగా ఉంటాయి కాబట్టి అదే క్యాంపస్ అడ్మిషన్స్ పేజీలో చూసుకోండి, ఫ్రెండ్ చెప్పిన తేదీ నమ్మకండి. సిఫార్సు లేఖలు కొన్నిచోట్ల తీసుకోరు. మామూలుగా ఒక్క అప్పీలే ఇస్తారు, కాబట్టి పంపాక "ఇది కూడా చూడండి" అంటూ రోజూ మెయిళ్లు పెట్టకండి.

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకో జాగ్రత్త. సీటు ఒప్పుకున్న యూనివర్సిటీకి సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ రికార్డు) బదిలీ చేసే తేదీని కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుతో మాట్లాడి పెట్టుకోండి, అప్పీల్ తేలకముందే తొందరపడి దగ్గరి తేదీ ఇవ్వకండి. ఒకసారి రికార్డు వెళ్లిపోయాక దాన్ని వెనక్కి తెచ్చుకోవడం పెద్ద తతంగం.

నెగ్గకపోతే వచ్చే ఫాల్‌కి మళ్లీ అప్లై చేయొచ్చు. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లకి ట్యాగ్ అనే గ్యారంటీ పద్ధతి ఉంది. షరతులు సరిపోతే వీటిలో ఒకదానికి సెప్టెంబర్ 1 నుంచి 30 లోపు పెట్టుకోవాలి. బర్కిలీ, యూసీఎల్‌ఏ, శాన్ డియేగోలకి అది లేదు.